ఆఖరి అధ్యాయం కోసింది నేనే

మేము జనానికి చదువుకోమని ఇచ్చిన ఒక నవలలో ఆఖరి అధ్యాయం లేదు. అచ్చు వేసినవాళ్ళు వేశారు, మేమే కోసేశాం. కోయమన్నది మా కార్యదర్శి, బ్లేడు పట్టుకున్నది నేను. మూడు ప్రతుల్లో, ఒక్కోదానిలో ఏడేసి ఆకులు. ఆ సంగతి చదివేవాళ్ళకు ఎవరికీ చెప్పలేదు. ఎమ్మిగనూరులో ఒక తల్లి, తన బిడ్డను ఇంటికి రానివ్వాలా వద్దా అని కొట్టుమిట్టాడుతున్న సమయంలో, ఆ పుస్తకం చదివింది. కథ ఇంతేనా అని నన్ను అడిగింది. ఇంతే అన్నాను.

ఇది జరిగి పదకొండేళ్ళు. ఆ ఇంటి తలుపు నా మాట వల్లే మూసుకునే ఉండిపోయిందా అన్న దిగులు అప్పటినుంచి నన్ను వదల్లేదు. పఠన మందిరాల్లో, గ్రంథాలయాల్లో కొత్తగా చేరుతున్న పిల్లలు మీ అనుభవాలు రాయండి తాతా అని అడుగుతున్నారు. అనుభవమంటే నాకు ముందు గుర్తొచ్చేది ఇదే. మిగతావి దీని చుట్టూ ఉన్నవే.

నాకు చదువెట్లా వచ్చింది

మాది ఆస్పరి దగ్గర పల్లె. నాలుగో తరగతి దాటలేదు. వాన పడితే వేరుశనగ, పడకపోతే ఆదోని. ఆదోనిలో జిన్నింగ్ మిల్లులో పత్తి బేళ్ళు మోసేవాణ్ణి. నడుం పట్టేసి మోయలేనప్పుడు, ఒక క్రైస్తవ సంఘం నడిపే పఠన మందిరంలో ఊడ్చే పనికి చేరాను. నేను క్రైస్తవుణ్ణి కాను. పేరు ఈరన్న. ఆ పేరుతోనే ముప్ఫై ఒక్క సంవత్సరాలు అక్కడ పని చేశాను. ఒక్కరు కూడా మారమని బలవంతపెట్టలేదు. ఇది కూడా రాయాలి, లేకపోతే నేను తిట్టబోయేవన్నీ వేరే రకంగా అర్థమవుతాయి.

అక్కడ నాలుగు బీరువాలు. రెండింటిలో భాష్యాలు, కీర్తనల పుస్తకాలు. రెండింటిలో కథలు, నవలలు. బీరువాలు తుడుస్తూ అట్టల మీద పేర్లు కూడబలుక్కునేవాణ్ణి. పేర్లయ్యాక మొదటి పేజీ. రెండేళ్ళకు పుస్తకం మొత్తం చదివాను. అప్పుడున్న లైబ్రేరియన్ పెద్దాయన పోయాక ఆ కుర్చీ నాకు ఇచ్చారు. వేరే ఎవరూ రాలేదు కాబట్టి ఇచ్చారు. సర్టిఫికెట్ లేని కుర్చీ అది. రేపు లెమ్మంటే లేవాలి. ఆ భయం నా వెన్నులో ఎప్పుడూ ఉండేది. తర్వాత నేను చేసిన తప్పుకు అదే మూలమని ఇప్పుడు తెలుస్తోంది.

ఆ పుస్తకాల సంగతి

క్రైస్తవ నవలలంటే మత ప్రచారమేగా అని, ఒక్క పేజీ తిప్పకుండా పెదవి విరిచే చదువుకున్నవాళ్ళను చాలామందిని చూశాను. వాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. ప్రచారం ఉంది, కాదనను. సగం పుస్తకాల్లో తాగుబోతు భర్త ఆఖర్లో మోకాళ్ళ మీద ఏడుస్తాడు. ఏ పేజీలో ఏడుస్తాడో పుస్తకం బరువు చూసి చెప్పేవాణ్ణి. అవి పనికిరాని పుస్తకాలు. రాసినవాళ్ళకు దేవుడి మీద ఉన్న నమ్మకం, చదివేవాళ్ళ మీద లేదు.

మిగతా సగం వేరు. పెళ్ళయి పదేళ్ళయినా మొగుడితో మనసు విప్పి మాట్లాడలేని ఆడమనిషి, చెల్లెలికి అన్యాయం చేసి ప్రార్థనలో నోరు పెగలని అన్న, ప్రేమించినవాడికీ నమ్మిన దేవుడికీ మధ్య నలిగే నర్సు. ఇంట్లో మాట్లాడుకోని మాటలు ఆ పుస్తకాల్లో మాట్లాడుకునేవాళ్ళు. నా భార్యతో ఎట్లా మాట్లాడాలో నేను వాటిలో నేర్చుకున్నాను. ఆమెకు బైబిలు తెలియదు, కానీ ఆ మార్పు మాత్రం కనిపెట్టింది. "ఏమప్పా, నిన్న మొన్నటిదాకా నన్ను వోయ్ అని పిలుస్తాంటివి, ఇప్పుడు పేరు పెట్టి పిలుస్తాండావు, ఏమయింది నీకి?" అని అడిగింది.

గురువారం గురువారం ట్రంకు పెట్టెలో నలభై పుస్తకాలు పెట్టుకుని ఎమ్మిగనూరు బస్సెక్కేవాణ్ణి. అక్కడ చర్చి వరండాలో పెట్టె తెరిచేవాణ్ణి. తీసుకునేవాళ్ళలో సంఘస్థులు ఎంతమందో మగ్గాల ఇళ్ళ ఆడవాళ్ళు అంతమంది. వాళ్ళకు ఏసు సంగతి అక్కరలేదు. "దీంట్లో అత్త మంచిదేనా సెప్పు ముందు" అని అడిగి తీసుకునేవాళ్ళు. అక్కడ ఒక పద్ధతి ఉంది. పుస్తకం ఒకరు తీసుకుంటారు, మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని పైకి చదువుతారు, చుట్టూ కూర్చున్నవాళ్ళు కండెలకు నూలు చుట్టుకుంటూ వింటారు. కార్డు మీద ఒక్క పేరుంటుంది, విన్నవాళ్ళు పదిమంది. కొత్తగా చేరినవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. మీరిచ్చే పుస్తకం ఎంతమందికి పోతుందో మీ రిజిస్టరు చెప్పదు.

మొదటి తప్పు

ఉద్యోగంలో కుదురుకున్న కొత్తలో, ఆదోనిలో ఒక టైలర్ భార్యకు మంచి నవల అని ఒకటి ఇచ్చాను. నిజంగానే మంచిది. అందులో చంటిబిడ్డ చనిపోతాడు. ఆమె బిడ్డ పోయి అప్పటికి నెల కూడా కాలేదని నాకు తెలియదు. నేను అడగలేదు. పుస్తకం వెనక్కి ఇచ్చింది ఆమె మొగుడు. బల్ల మీద పెట్టి, "అన్నా, ఇంగ మా ఇంటికి పుస్తకాలు వద్దు" అని పోయినాడు. కేకలు వేసి ఉంటే నాకు సులువుగా ఉండేది.

ఆ తర్వాత మనిషి మొహం చూసి, ఇంటి సంగతి కనుక్కుని పుస్తకం ఇవ్వడం నేర్చుకున్నాను. ఇది ఇవ్వొచ్చు, ఇది ఇప్పుడు వద్దు అని తీసి పక్కన పెట్టేవాణ్ణి. దాన్ని గొప్ప నేర్పు అనుకున్నాను. నేర్పే. కానీ దానిలో ఒక పురుగు కూడా ఉంది. ఎదుటిమనిషి ఏం తట్టుకోగలదో నాకు తెలుసు అనే పొగరు. ఒకసారి ఆ పొగరు వచ్చాక దాన్ని వాడుకునేవాడు ఎదురొస్తాడు. నాకు కార్యదర్శి రూపంలో వచ్చాడు.

బ్లేడు

కార్యదర్శి రిటైరైన హెడ్మాస్టరు. చెడ్డవాడు కాదు. వేళకు వస్తాడు, ఎవరి దగ్గరా చెయ్యి చాపడు, జబ్బు పడినవాళ్ళ ఇంటికి నడిచి పోతాడు. నా ముప్ఫై ఏళ్ళ పనిలో చూసిన పైవాళ్ళలో ఆయనకంటే నిజాయితీపరుడు లేడు. అందుకే ఆయన చెప్తే కాదనడం కష్టం.

ఆ నవల కొత్తగా వచ్చింది. నాలుగు ప్రతులు కొన్నాం. పేరు ఇక్కడ రాయను, రాసినామె చదివితే బాధపడుతుంది. అందులో ఒక సంఘ పెద్ద ఉంటాడు. ఆయన కూతురు వేరే మతం పిల్లవాణ్ణి చేసుకుంటుంది. గుమ్మంలోకి వచ్చిన కూతుర్ని చూసి తండ్రి తలుపు వేసుకుంటాడు, లోపల ఒక్కడే ప్రార్థనకు కూర్చుంటాడు. అది ఆఖరికి ముందు అధ్యాయం. ఆఖరి అధ్యాయంలో ఆయన లేచి నడుచుకుంటూ కూతురి అత్తగారింటికి పోతాడు. వాళ్ళు అన్నం పెడతారు. ఆయన తన ప్రార్థన తాను చేసుకుని తింటాడు. వాళ్ళు వాళ్ళ దేవుడికి దీపం పెట్టుకుంటారు. అంతే. ఎవరూ ఎవర్నీ మార్చరు. నేను చదివిన ఆ రెండు బీరువాల్లో అంత నిమ్మళమైన ముగింపు ఇంకోటి లేదు.

కార్యదర్శి ఒక సోమవారం పుస్తకం తెచ్చి నా ముందు పెట్టాడు. ఒక్కరు కూడా బాప్తిస్మం తీసుకోకుండా కథ ముగిసిందని, ఇది మన పిల్లలకు తప్పుదారి అని చెప్పాడు. పుస్తకమే తీసేద్దామన్నాను. మిగతా అంతా బాగుంది, ఆఖరిది ఒక్కటే తీసేస్తే చాలన్నాడు. ఎట్లా తీస్తాం, అది ఒకరి రాత కదా అన్నాను. అప్పుడు ఆయన అన్న మాట నన్ను పట్టేసింది.

"నువ్వు మాత్రం తీయవా ఈరన్నా? బిడ్డ పోయినామెకు బిడ్డ పోయే కథ ఇయ్యకూడదని నువ్వే కదా సెప్పింది. బలహీనంగా ఉండేవాళ్ళకు ఏమి ఇయ్యాల, ఏమి ఇయ్యకూడదు అనేది నీకు తెల్సు. నేను సేస్తాండేదీ అదే."

జవాబు నా దగ్గర ఉంది. ఇవ్వకపోవడం వేరు, కోసి ఇవ్వడం వేరు. ఇవ్వకపోతే ఆమెకు తెలుసు, నేను ఇవ్వలేదని. కోసి ఇస్తే అది మోసం. ఈ జవాబు నాకు తట్టింది మూడో రోజున. అప్పటికి పని అయిపోయింది.

కుట్టు దగ్గర సన్నని అంచు వదిలి కోయాలి, లేకపోతే ముందు ఆకులు ఊడిపోతాయి. తర్వాత ఆ అంచుకు బంక రాసి అట్టకు అంటించాలి. బైండింగు నేర్చుకున్న చెయ్యి, శుభ్రంగా వచ్చింది. కార్యదర్శి మెచ్చుకున్నాడు. తలుపు వేసుకున్న పేజీ కింద కొంత ఖాళీ ఉంది. అక్కడ ఏదైనా రాయకపోతే జనం అనుమానపడతారన్నాడు. నా దస్తూరి బాగుంటుంది. నల్ల సిరాతో 'సమాప్తం' అని అచ్చులాగే రాశాను, మూడుసార్లు. నాలుగో ప్రతి పత్తికొండలో ఒక నర్సు దగ్గర ఉండిపోయింది. ఆమె బదిలీ మీద వెళ్ళిపోయింది, పుస్తకం రాలేదు. కార్యదర్శి అడిగితే పోయిందని రాసుకున్నాం.

సలోమక్క

ఎమ్మిగనూరులో నా దగ్గర అందరికంటే ముందు పుస్తకం తీసుకునే ఆమె సలోమక్క. భర్త లేడు. ఒక హాస్టల్లో వంట చేసేది. గట్టి గొంతు, అక్షరం మింగకుండా చదువుతుంది. ఆమె అరుగు మీద చదువుతుంటే వీధి చివర మగ్గం కూడా ఆగుతుందని అనేవాళ్ళు. ఒక్కతే కూతురు రూతు. డిగ్రీ చదివిన పిల్ల, చర్చిలో చిన్నపిల్లలకు పాటలు నేర్పేది.

ఆ ఎండాకాలం రూతు వాళ్ళ వెనక వీధిలో మగ్గం నేసే పిల్లవాణ్ణి పెళ్ళి చేసుకుంది. రిజిస్టరాఫీసులో. పిల్లవాడు మంచివాడే, కానీ మారడు. రూతు కూడా మారనంది. పెళ్ళైన నాలుగో రోజు తల్లి దగ్గరికి వస్తే సలోమక్క తలుపు తీయలేదు. ఇదంతా నాకు వరండాలో మిగతా ఆడవాళ్ళు చెప్పారు. ఆమె మాత్రం పెట్టె దగ్గరికి వచ్చి, మామూలుగా, ఏదైనా ఇయ్యి అంది. ఆమె కళ్ళు వాచి ఉన్నాయి. నేను ఇవ్వలేదు. ఆమే వంగి వెతుక్కుని ఆ పుస్తకం తీసింది. అట్ట మీద తలుపు బొమ్మ ఉంటుంది.

అక్కా అది వద్దులే, వేరేది తీసుకో అన్నాను. ఎందుకు వద్దు అంది. వేరే నవల ఒకటి తీసి చాచాను. ఇదే కావాలంది. కార్డు మీద ఆమె పేరు నా చేత్తోనే రాశాను.

తర్వాత ఏడు రోజులు నా కళ్ళ ముందు అదే. అరుగు మీద కూర్చుని చదువుతుంటుంది, చుట్టూ అందరూ వింటుంటారు, కథలో తండ్రి తలుపేసుకుంటాడు, అక్కడ నా చేతిరాత. ఆమె మొహం ఎట్లా ఉంటుంది? వినేవాళ్ళు ఏమంటారు? బస్సెక్కి వెళ్ళి చెప్పేద్దామని రెండుసార్లు బస్టాండు దాకా వెళ్ళాను. కార్యదర్శికి తెలిస్తే? నాలుగో తరగతివాడికి ఇంకో కుర్చీ ఎవరిస్తారు? వెనక్కి వచ్చాను.

గురువారం ఆమె వచ్చింది. వరండాలో మేమిద్దరమే. పుస్తకం నా చేతికివ్వకుండా ఒళ్ళో పెట్టుకుని పక్కన కూర్చుంది.

"ఈరన్నా, ఈ బుక్కులన్నీ సదివినోడివి నువ్వు. ఇంతేనా కథ? ఆయప్ప పాప కాడికి పోనే పోల్యా?"

"ఇంతే అక్కా."

"బాగా గుర్తు సేసుకో."

"ఇంతే."

"మా వీధోళ్ళు కూడా అదే అంటాండారు. బుక్కులోనే అట్ల రాసినారు గదా, నువ్వు సేసిందే సరి అని," అంది. పుస్తకం పెట్టెలో తనే పెట్టింది. వేరేది తీసుకోలేదు. మళ్ళీ రాలేదు.

నన్ను ఎవరూ బెదిరించలేదు ఆ పూట. కార్యదర్శి ముప్ఫై కిలోమీటర్ల అవతల ఉన్నాడు. తల అడ్డంగా ఊపితే సరిపోయేది. ఆ తల ఎందుకు ఊపలేదని నన్ను నేను తిట్టుకోని గురువారం లేదు.

తర్వాత

ఆ ఏడాదే రూతు వాళ్ళు మగ్గం గిట్టక బెంగళూరు పోయారని విన్నాను. రూతు నీళ్ళోసుకుందని విన్నాను. కాన్పుకు తల్లి వెళ్ళిందా అని అడగాలంటే నోరు రాలేదు. అడిగితే, వెళ్ళలేదు అన్న జవాబు వస్తుందేమోనని. కొన్నాళ్ళకు ఎమ్మిగనూరు పెట్టె ఆగిపోయింది, ఫోన్లొచ్చాక తీసుకునేవాళ్ళు తగ్గారని. నాకు నిజం చెప్పాలంటే ఊపిరి పీల్చుకున్నట్టయింది. ఇంత పిరికివాణ్ణి మీ ముందు పెద్దమనిషిలా కూర్చుని సలహాలు చెప్తున్నాను.

కార్యదర్శి చనిపోయే ముందు ఆసుపత్రిలో చూడ్డానికి వెళ్ళాను. ఆ అధ్యాయం సంగతి ఎత్తాను. ఏ అధ్యాయం అని అడిగాడు. ఆయనకు గుర్తే లేదు. అక్కడే నాకు కోపం తన్నుకొచ్చింది, పడుకున్న మనిషి మీద. కోయమన్నవాడు మరిచిపోతాడు, కోసినవాడికి చేతిలో బ్లేడు అట్లాగే ఉంటుంది. పై అధికారి చెప్పాడు నేను చేశాను అని రేపు మీరు అనుకుంటారు. ఆ అధికారి మీతో పాటు మోయడు. నేను చూసి చెప్తున్నాను.

రిటైరైన మూడో ఏట, పోయిన దసరా ముందు, నా పేరున ఒక పార్సిల్ వచ్చింది. పత్తికొండ నర్సు ఇల్లు ఖాళీ చేస్తుంటే దొరికిందట ఆ నాలుగో ప్రతి. పుస్తకంలో ఉన్న కార్డు మీద నా పేరు చూసి, ఆలస్యమైంది మన్నించండి అని చీటీ పెట్టి పంపింది. ఆఖరి పేజీ తీశాను. ఏడు ఆకులూ ఉన్నాయి.

రెండు రోజులు పక్కన పెట్టాను. ఆమె బతికుందో లేదో. బతికుంటే ఇప్పుడు ఇది పంపి ఏం చెయ్యాలని? కూతురితో కలిసిపోయి ఉంటే మానిన పుండు రేపినట్టు. కలవకపోయి ఉంటే, పదకొండేళ్ళ తర్వాత, కూతురి దగ్గరికి వెళ్ళి ఉంటే సరిపోయేది అక్కా, కథలో తండ్రి వెళ్ళాడు అని చెప్పినట్టు. ఏదైనా నేను మంచివాణ్ణనిపించుకోవడానికే చేస్తున్నానేమో అని కూడా అనిపించింది. నా భార్య మాత్రం ఒకటే అంది: "ఆమె సొత్తు అది. నీ కాడ ఎందుకు పెట్టుకుంటావు?"

ఆ ఏడు ఆకులూ జిరాక్స్ తీయించాను. జరిగింది జరిగినట్టు రెండు పేజీలు రాశాను. ఎవరు కోయమన్నదీ, ఎవరు కోసిందీ, వరండాలో నేను ఎందుకు అబద్ధమాడిందీ. క్షమించమని రాయలేదు. రాసి కొట్టేశాను. పాత హాస్టల్ పేరే చిరునామాగా పెట్టి రిజిస్టరు పోస్టు చేశాను. రసీదు చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాను. పదిహేను రోజులు పోస్టుమాన్ సైకిల్... ఇప్పుడు సైకిల్ కాదు, స్కూటీ, ఆ చప్పుడు వినపడితే గుమ్మంలోకి వచ్చేవాణ్ణి. నెల దాటింది. కవరు తిరిగి రాలేదు, జవాబూ లేదు. అంటే ఎవరో తీసుకున్నారు, తీసుకుని ఊరుకున్నారు. ఆ నెలన్నర నేను పడ్డ యాతన ఉద్యోగంలో ఎన్నడూ పడలేదు. మీరు ఎవరికైనా పుస్తకం ఇచ్చేటప్పుడు అది మొత్తంగా ఇవ్వండి. నచ్చకపోతే నచ్చలేదని చెప్పి ఇవ్వండి. వద్దనిపిస్తే ఇవ్వకండి, ఇవ్వనని మొహం మీద చెప్పండి. ఇంతకుమించి నా దగ్గర వృత్తి రహస్యం లేదు.

నలభై ఆరో రోజు జవాబు వచ్చింది. గీతల నోటు పుస్తకం కాగితం, గుండ్రని చదువుకున్న చేతిరాత. ఉన్నదున్నట్టు ఇక్కడ దించుతున్నాను.

"ఈరన్నకు సలోమక్క వందనాలు. నీ కవరు అందింది. నా కండ్లకు పొర వచ్చి అక్షరాలు ఆనడం లేదు. రూతు చదివి వినిపించింది. ఈ జాబు నేను చెప్తాంటే రాస్తాండేది కూడా రూతే.

నేను నీ పుస్తకం చదివి తలుపు మూయలేదు. మూసినాక పుస్తకం తెచ్చుకున్నాను. తెరువు అని ఎవరన్నా చెప్తారేమో అని వెతుక్కున్నాను. సంఘంలో ఎవరూ చెప్పలేదు. వీధిలో చెప్పలేదు. నువ్వు చెప్తావనుకున్నాను. నువ్వు ఒక్క మాట చెప్పి ఉంటే, నా అంతట నేను పోయినట్టు కాకుండా, పుస్తకం చెప్పింది గదా అని పోయి ఉండేదాన్ని. నా గర్వానికి అంత చిన్న సాకు చాలు. అది నువ్వు ఇయ్యలేదు. అందుకు నాకు కోపముంది. లేదని అబద్ధం రాయించను.

ఆ కథలో తండ్రి పోయినాడు. నేను పోలేదు. ఆరేండ్ల తర్వాత రూతే వచ్చింది, నేను జారిపడి తుంటి విరిగిందని ఎవరో చెప్తే. అప్పటికి దాని పెద్దపాపకు పండ్లు ఊడి మళ్ళీ మొలుస్తాండాయి. ఆ పాప పాకింది చూడలేదు, నడిచింది చూడలేదు. ఆ పాపం నాది, నీది కాదు. దాంట్లో వాటా కావాలని నువ్వు అడిగితే కొంచెం ఇస్తాను, అంతే.

నిన్ను క్షమించినానని రాస్తానంటోంది రూతు. నేను వద్దన్నాను. అట్లాంటి మాట ఇంకొకరి చేత రాయించేది కాదు. ఆదివారం ప్రార్థన అయినాక ఇంట్లోనే ఉంటాం. నువ్వే రా. నీ గొంతు విని నా నోటితోనే చెప్తాను, చెప్పగలిగితే."